మా ప్రయాణాలన్నీ ఎవరో ఒకరి ఇంటి మీదుగానే

మావారి దగ్గర నల్ల అట్ట డైరీ ఒకటి ఉండేది. ఊళ్ల పేర్లు వరసగా రాసి, ఒక్కో ఊరి కింద అక్కడున్న చుట్టాల చిరునామాలు రాసుకునేవారు. ఎవరికైనా బదిలీ అయితే పాతది కొట్టేసి కొత్తది రాసేవారు. మేం ఎక్కడికి వెళ్దామనుకున్నా రైల్వే టైంటేబుల్ కన్నా ముందు ఆ డైరీ బయటికొచ్చేది. చుట్టాలున్న ఊళ్లో లాడ్జిలో దిగితే ఆ ఇంటివాళ్ల పరువు తీసినట్టేనని ఆయన నమ్మకం. చుట్టాలు లేని ఊరైతే దారిలో ఎవరున్నారో వెతికేవారు. "ఎలాగూ ఆ మీదుగానే కదా వెళ్తున్నాం, ఓ పూట ఆగితే పోలా?" అనేవారు. ఆ ఓ పూట ఏనాడూ ఒక్క పూటతో సరిపోయింది లేదు.

పెళ్లైన కొత్తలో నాకది చాలా కష్టంగా ఉండేది. పెద్ద కుటుంబంలో పెరిగినదాన్ని. పుట్టింట్లో నా పెట్టె నాకంటూ ఒక్క రోజు ఉండేది కాదు. మొగుడితో కలిసి ఎక్కడికైనా వెళ్లాలి, ఎవరింటి అంట్లూ తోమే పని లేకుండా నాలుగు రోజులు ఉండాలి అని మహా ఆశ. ఆయనకేమో చుట్టూ మనుషులు లేకపోతే తోచదు.

మా పెళ్లి 1982 మాఘమాసంలో అయింది. వెంటనే అన్నవరం, సత్యనారాయణస్వామి వ్రతానికి. దాన్ని ప్రయాణం అనేకన్నా ఊరేగింపు అనడం మేలు. రెండు వైపులవాళ్లూ కలిసి బస్సు మాట్లాడారు. రత్నగిరి మీద ఆ రోజు మాలాంటి కొత్త జంటలు ఎక్కడ చూసినా ఉన్నారు. వ్రతం అయ్యాక పెద్దవాళ్లు విస్తరాకుల్లో కట్టిన ప్రసాదం పొట్లాలు ఎవరికెన్ని అన్న లెక్కల్లో పడ్డారు. ఆ సందులో మేమిద్దరం గుడి దగ్గరున్న నీడగడియారం దగ్గరికి వెళ్లి నిలబడ్డాం. ఆయన నీడ ఎలా చూడాలో నాకు వివరించారు. తర్వాత చేతికున్న వాచీ చూసుకుని, "పెళ్లికి పెట్టిన కొత్త వాచీ, అప్పుడే పావుగంట ఫాస్టు పోతోంది" అని మొహం చిన్నబుచ్చుకున్నారు.

మా నాన్నగారు సైన్సు మాస్టారు. వాచీ బాగానే ఉందని నాకు తెలుసు. మన దేశం గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర్నుంచే పోతుంది కాబట్టి అన్నవరంలో ఊరిని బట్టి వచ్చే టైము తేడా దాదాపు ఉండదు. కానీ ఫిబ్రవరి నడిమికి సూర్యుడు మన గడియారం కన్నా పావుగంట దాకా వెనకబడి ఉంటాడు. చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి చెప్పేశాను. ఆయన నావైపు అలా చూస్తూ ఉండిపోయారు. తర్వాత బస్సులో ప్రతి సీటు దగ్గరికీ వెళ్లి, "మా ఆవిడకి సూర్యుడి లెక్కలు కూడా వచ్చు" అని చెప్పొచ్చారు. నేను పమిట చాటున తల దాచుకుని కూర్చున్నాను. ఇప్పటికీ మా ఆడపడుచు నన్ను టైము అడగాల్సి వస్తే, "వదినా, సూర్యుడేమంటున్నాడు?" అంటుంది.

ఇక ఊటీ. అది మా హనీమూన్. ఆ మాట మా ఇంట్లో పెద్దల ముందు ఎవరూ అనలేదు, "అలా చల్లటి ప్రదేశం చూసొస్తారు" అన్నారంతే. కోయంబత్తూరులో మావారి పిన్నిగారున్నారు. మద్రాసులో బండి మారి కోయంబత్తూరులో దిగేసరికి స్టేషన్‌లో పిన్నిగారు, బాబాయిగారు, పిల్లలు, పక్కింటివాళ్లు. మేట్టుపాళయం నుంచి ఊటీకి పొద్దున్నే కొండ రైలు ఉంటుంది. పైకి వెళ్లేది రోజుకి అదొక్కటే. ఆ రైలు కోసమే నేను ఊటీ అన్నాను. బయల్దేరే రోజు పిన్నిగారు కొత్త కోడలికి గారెలు పెట్టకుండా ఎలా పంపిస్తానని పప్పు రుబ్బుతూ కూర్చున్నారు. గారెలు అద్భుతంగా వచ్చాయి. రైలు వెళ్లిపోయింది. బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కాం. మాకు తోడుగా, దారి చూపించడానికి పిన్నిగారి పెద్దబ్బాయి కూడా వచ్చాడు. వాడికి అప్పుడు పదమూడేళ్లు. బొటానికల్ గార్డెన్‌లో మా ఇద్దరి ఫోటోల్లో అన్నింట్లోనూ మధ్యలో వాడే.

ఈ ముచ్చట అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు గాని, నాకు మాత్రం ఆ రైలు విషయంలో చాలా ఏళ్లు కోపం పోలేదు. చివరికి 2011లో పట్టుబట్టి ఎక్కాను. అప్పటికి యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చి ఆరేళ్లు. 46 కిలోమీటర్ల దూరానికి దాదాపు అయిదు గంటలు. ఇంజను ముందు ఉండదు, వెనక ఉండి పెట్టెల్ని కొండ మీదికి నెడుతుంది. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ల పట్టా ఒకటి వేసి ఉంటుంది, ఇంజను కింద చక్రం దాన్ని పట్టుకుని పాకుతుంది. ఆగిన చోటల్లా ఇంజనుకి నీళ్లు పట్టేవారు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని, "గారెలు కూడా ఇంత నిదానంగానే వేగాయి" అన్నారు. నేను పలకలేదు.

మేం హైదరాబాదులో కాపురం పెట్టాం. మా పుట్టిల్లు పాలకొల్లు. అత్తవారి ఊరు మలికిపురం దగ్గర పల్లె. రెంటికీ నడుమ వశిష్ఠ గోదావరి. ఎండాకాలం సెలవులైనా, సంక్రాంతైనా రాత్రి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి పాలకొల్లు. అక్కడ ఎన్నాళ్లు, అవతలి ఒడ్డున ఎన్నాళ్లు అన్న దాని మీద హైదరాబాదులో మొదలైన చర్చ సామాన్లు సర్దేదాకా, సర్దాక కూడా సాగేది. మా అమ్మ, "రేపు శుక్రవారం, ఆడపిల్లని పంపకూడదు" అనేది. అవతల మా అత్తయ్యగారు, "వర్జ్యం ఉంది, ఎల్లుండి కదలండి" అనేవారు. పంచాంగం రెండు ఒడ్డుల్లోనూ మమ్మల్ని ఆపడానికే పనికొచ్చేది.

అప్పటికి చించినాడ వంతెన లేదు. నరసాపురం వెళ్లి మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి అవతల సఖినేటిపల్లిలో దిగేవాళ్లం. పంటు అంటే తెలియని పిల్లలకి చెప్పాలి: మనుషులు, సైకిళ్లు, మోటారు సైకిళ్లు, కార్లు, ఒక్కోసారి దూడలు, అన్నిటినీ ఒకే బల్లపరుపు మీద ఎక్కించుకుని నది దాటించేది. అవతలి ఒడ్డు నుంచి అది రావాలి, దిగేవాళ్లు దిగాలి, నిండాలి. నది మీద ప్రయాణం కొద్ది నిమిషాలే. ఎదురుచూపే ఎక్కువ. పిల్లలు పుట్టక ముందు ఆ రేవులోనూ, ఆ పంటు మీదా గడిపిన సమయమే మా ఇద్దరిదీ. అక్కడ నేను ఎవరి కూతుర్నీ కాదు, ఎవరి కోడల్నీ కాదు. మా అమ్మ ఇచ్చిన అరిసెల డబ్బా మూత తీసి, అవతలి ఒడ్డు చేరేలోపు రెండు తినేవాళ్లం. ఆయన ఆఫీసు సంగతులు, తమ్ముడి చదువుకి పంపాల్సిన డబ్బు సంగతి, ఇంట్లో గట్టిగా మాట్లాడలేనివన్నీ అక్కడే మాట్లాడేవారు. మా అమ్మాయికి ఏ పేరు పెట్టాలో అనుకున్నదీ ఆ పంటు మీదే. అవతల రేవులో మామయ్యగారు పంపిన ఎడ్లబండి కనిపించగానే ఆయన గొంతు సవరించుకుని కాస్త ఎడంగా జరిగేవారు. ఊటీ గురించి ఎవరైనా అడిగితే నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు గాని, ఆ రేవు గురించి అడిగితే పొద్దుపోయేదాకా చెబుతాను.

అరకు మాత్రం పూర్తిగా కుటుంబ యాత్ర. 1989 డిసెంబరు. మావారికి ఎల్టీసీ, అంటే ఆఫీసువాళ్లు ఖర్చులిచ్చే సెలవు ప్రయాణం, వచ్చింది. ఎటు వెళ్దామన్న ప్రశ్న వచ్చేలోపే మామయ్యగారు, అత్తయ్యగారు, ఆడపడుచు, ఆవిడ భర్త బావగారు, వాళ్ల పిల్లలు కూడా ప్రయాణంలో చేరిపోయారు. విశాఖలో మా పెదనాన్న కొడుకు పోర్టులో పనిచేసేవాడు. ఈసారి చుట్టరికం నా వైపుది కాబట్టి నాకూ కాస్త గర్వంగానే ఉంది. రెండు గదుల ఇంట్లో అంతమందిమీ పడుకున్నాం. వదిన ఏ అర్ధరాత్రి లేచిందో, కిరండూల్ పాసింజర్ టైముకి పులిహోర, పెరుగన్నం, ఊరగాయ సిద్ధం చేసి పెట్టింది. ఆ వదిన చేసినంత చాకిరీ నేను నా ఇంటికొచ్చిన వాళ్లెవరికీ చేయలేదు.

బండి ఎక్కించడానికొచ్చిన అన్నయ్య మామయ్యగారితో, "బాబాయిగారూ, ఈ లైను మనకోసం వేసింది కాదండి" అన్నాడు. బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. దాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి ఎగుమతి చేయడానికి 1960ల్లో తూర్పు కనుమలు తొలిచి ఈ దారి వేశారు. మనుషుల బండి తర్వాతి మాట. దారిలో అది మాకు బాగానే అర్థమైంది. ఖనిజం గూడ్సు ఎదురొచ్చినప్పుడల్లా మా పాసింజర్‌ని పక్కకి తీసి నిలబెట్టేవారు. ఎర్ర దుమ్ము పట్టిన వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉండేవి. పిల్లలు లెక్కపెట్టి లెక్కపెట్టి విసిగి నిద్రపోయేవాళ్లు.

మా అత్తయ్యగారు అంతకు ముందు రాజమండ్రి దాటి రైల్లో వెళ్లింది లేదు. నరసాపురం ప్రాంతంలో చాలామంది ఆడవాళ్లలాగే ఆవిడకీ లేసు అల్లిక వచ్చు. చేతి సంచీలో దారం ఉండ, కొక్కెం సూది ఎప్పుడూ ఉండేవి. శృంగవరపుకోట దాటాక బండి కొండెక్కడం మొదలెట్టింది. మొదటి సొరంగం రాగానే పెట్టంతా పిల్లల కేకలు. అత్తయ్యగారు మాత్రం, "ఏవిట్రా ఈ చీకటి, డబ్బులిచ్చి మరీ చూడాలా?" అన్నారు. వెలుతురు వచ్చాక చూస్తే ఆవిడ వేళ్లు ఆగలేదు, ఆ చీకట్లోనే ఓ వరస అల్లేశారు. విశాఖ నుంచి అరకు దాకా 58 సొరంగాలని అన్నయ్య చెప్పాడు. ఆ మాట నిజమో కాదో తేల్చాలని అత్తయ్యగారు ఒక్కో సొరంగానికి అంచున ఒక్కో ముడి వేస్తూ వచ్చారు. మధ్యలో కునుకు తీయడం వల్ల లెక్క కుదరలేదు. "మీ అన్నయ్య నాలుగు ఎక్కువ చెప్పాడే" అని నాతో చాలా ఏళ్లు వాదించారు. నేనూ పట్టు వదల్లేదు.

సిమిలిగూడ స్టేషన్‌లో బండి ఆగింది. సముద్రమట్టానికి 996 మీటర్ల పైన ఉన్నామనీ, బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఇదే ఎత్తైనదనీ చెప్పే బోర్డు ఉండేది. మామయ్యగారు కిందికి దిగి, ఆ బోర్డు ముందు కండువా సవరించుకుని నిలబడ్డారు. మావారి దగ్గర కెమెరా ఉంది గాని రీలు మార్చే పనిలో ఉన్నారు. గార్డు ఈల వేశాడు, మామయ్యగారు కదల్లేదు. "ఫోటో తియ్యరా ముందు!" అని కేక. ఆ ఫోటో రాలేదు. కదులుతున్న బండిలోకి ఆయన్ని ఇద్దరు గిరిజన కుర్రాళ్లు చెయ్యిచ్చి లాగారు. మా ఆడపడుచు అప్పుడు ఏడ్చిన ఏడుపు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ క్షణాన మాత్రం నా కాళ్లు కూడా వణికాయి. మామయ్యగారు నింపాదిగా కూర్చుని, "అంత ఎత్తున నిలబడ్డ మనిషికి తొందరేమిటి" అన్నారు.

బొర్రా గుహల్లో అత్తయ్యగారికి అసలు ఆనందం దొరికింది. పైనుంచి నీటి చుక్కలు పడి పడి సున్నపురాయి పేరుకుని లింగంలా తయారైన చోట ఆవిడ కూర్చుండిపోయారు. అదెలా ఏర్పడుతుందో మా నాన్నగారి పద్ధతిలో చెప్పబోయాను. కార్బన్ డయాక్సైడు కలిసిన నీళ్లు సున్నపురాయిని కరిగించడం, చుక్క చుక్కకీ కాస్త సున్నం మిగిల్చిపోవడం, అన్నీ. ఆవిడ శ్రద్ధగా విని, "అంటే ఇన్ని వేల ఏళ్ల నుంచి అభిషేకం జరుగుతోందన్నమాట" అన్నారు. ఇంకేం చెప్పను? అరకులో చలికి పిల్లలందరూ ఒకే రగ్గు కిందకి చేరారు. రాత్రి థింసా ఆట చూశాం. గిరిజన స్త్రీలు ఒకరి నడుముని ఒకరు పట్టుకుని వరసగా ఆడుతుంటే మా ఆడపడుచు వెళ్లి చివర చేరింది. బావగారు తల తిప్పుకున్నారు, మామయ్యగారు చప్పట్లు కొట్టారు.

2017లో ఆ రైలుకి అద్దాల పెట్టె తగిలించారని పేపర్లో చదివి మావారు కత్తిరించి ఉంచారు. మేమింకా ఎక్కలేదు.

కుటుంబాన్ని చూడ్డానికి వెళ్లిన ప్రయాణాల్లో ఒకటి మాత్రం వేరు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను విరుచుకుపడింది. ఇంకో నాలుగు రోజుల్లో దీపావళి. మేం ఊరెళ్లడానికి బట్టలు కూడా సర్దుకున్నాం. ఫోన్లు మూగబోయాయి. మా ఆడపడుచు కాపురం ముమ్మిడివరం వైపు. ఐ.పోలవరం, ముమ్మిడివరం, కాట్రేనికోన వైపే దెబ్బ ఎక్కువని వార్తలు. మావారు సంచీ భుజాన వేసుకున్నారు. నేనూ వస్తానన్నాను. పిల్లల్ని పక్కింటి మామిగారికి అప్పజెప్పి బయల్దేరాం.

రావులపాలెం దాటాక దారి ఆనవాలు పట్టలేకపోయాం. అరటి తోటలు నేలకి కరుచుకున్నాయి. కొబ్బరి చెట్లు కొన్ని వేళ్లతో లేచిపోయాయి, కొన్నిటికి మొవ్వు విరిగి మొండెం మాత్రం మిగిలింది. రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లని జనం రంపాలతో కోసి తొలగిస్తున్నారు. బస్సు ఆగిన చోట లారీ, లారీ ఆగిన చోట నడక. పొద్దువాలే వేళకి ఆడపడుచు ఇల్లు చేరాం. పెంకులు లేని ఇంటి ముందు ఆవిడ పొయ్యి పెట్టి గంజి కాస్తోంది. మమ్మల్ని చూసి ఏడుస్తుందనుకున్నాం. "వదినా, నీకు కాఫీ ఇద్దామంటే పాలు లేవే" అంది. అప్పుడు ఏడ్చింది నేను.

వాళ్ల బావి నీళ్లు పాడైపోయాయి. కింద రాలిన బొండాలే తాగడానికి. ఇంటింటి ముందూ కుప్పలు. బావగారు చేలో పడిన చెట్లకి సుద్దముక్కతో గుర్తులు పెడుతూ కూర్చున్నారు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. పెద్ద కూతురి పెళ్లి ఆ కాపు మీదే అనుకున్నారు. మావారు ఆ రాత్రి బావగారి పక్కనే అరుగు మీద పడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నన్నెప్పుడూ అడగనివ్వలేదు. మేమున్నన్ని రోజులూ తడిసిన బియ్యం ఎండబెట్టడం, పెంకులు ఏరడం, వీధిలో ముసలివాళ్లకి గంజి పోయడం. తిరుగు దారిలో మలికిపురం వెళ్లాం. అటు దెబ్బ కాస్త తక్కువే. మామయ్యగారు వీధి గుమ్మంలోనే, "చెట్లు పడితే మళ్లీ వేస్తాం, పిల్లల్ని ఒంటరిగా వదిలేసి ఎందుకొచ్చారు?" అని కోప్పడ్డారు. ఆ కోపం అయ్యాక లోపలికి వెళ్లి పెట్టె తీసి, కూతురికి ఇవ్వమని డబ్బు మడిచి నా చేతిలో పెట్టారు. కొడుకు చేతిలో కాదు, నా చేతిలో.

శ్రీశైలం సంగతి చెప్పకపోతే మా మరిది ఊరుకోడు. 2008 కార్తీకమాసం, హైదరాబాదు నుంచి వ్యాన్‌లో మేము, మరిది, తోటికోడలు, పిల్లలు. నల్లమల అడవి పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా దారి మూసేస్తారు. డ్రైవరు బయల్దేరేటప్పుడే హెచ్చరించాడు. కల్వకుర్తిలో మావారి పాత కొలీగ్ ఉన్నారు. టీ తాగి వెళ్దామని ఆగాం. టీ కాస్తా టిఫిను, టిఫిను కాస్తా భోజనం. మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి గేటు పడింది. పది నిమిషాల తేడా.

ఆ రాత్రి నేను మావారితో మాట్లాడలేదు. నా తోటికోడలు కూడా మాట్లాడలేదు, ఆవిడ తన మొగుడితో కూడా మాట్లాడలేదు, పాపం అతని తప్పేమీ లేకపోయినా. ముందూ వెనకా బళ్ల వరస. శివమాల వేసుకున్న స్వాములు రోడ్డు పక్కన భజన మొదలెట్టారు. కొలీగ్ భార్య కట్టిచ్చిన పులిహోర మా దగ్గర ఉంది కదా, దాన్ని మరిది ముందు బండివాళ్లకీ వెనక బండివాళ్లకీ పంచిపెట్టి రెండు దుప్పట్లు సంపాదించుకొచ్చాడు. ఆరు గంటలకి గేటు లేచింది. మంచు విడవని అడవిలో నెమళ్లు రోడ్డు దాటుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. "రాత్రి వెళ్లుంటే ఇది చూసేవాళ్లమా?" అన్నారు మావారు. నిజమే గాని, ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. శిఖరేశ్వరం వెళ్లేదాకా మళ్లీ మాటల్లేవు.

అమెరికా గురించి పెద్దగా చెప్పను. అందరూ చెప్పేదే. 2014లో అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్లాం. మనవరాలికి మూడో నెల వచ్చాక అల్లుడు కారులో నయాగరా తీసుకెళ్లాడు. నీలం రెయిన్‌కోట్లు తొడుక్కుని పడవెక్కాం. నీటి తుంపర కళ్లజోడు మీద పడి నాకు తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడలేదు, చప్పుడు మాత్రం గుండెల్లో మోగింది. ఆ దారిలో రోచెస్టర్‌లో మా తోటికోడలి చెల్లెలి కొడుకు ఉన్నాడని మావారు విమానం ఎక్కక ముందే కనుక్కుని ఉంచారు. వాళ్లింట్లో గుత్తివంకాయ కూర తిని వచ్చాం. అల్లుడు మొదట మొహం ముడుచుకున్నాడు. ఇప్పుడు వాళ్లిద్దరూ ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ కలుస్తారట.

అత్తయ్యగారు, మామయ్యగారు ఇప్పుడు లేరు. ఊళ్లో ఇల్లు అమ్మేశాం. చించినాడ వంతెన వచ్చాక పాలకొల్లు నుంచి అవతలికి కారులో ఇట్టే వెళ్లిపోవచ్చు. మొన్న మా తమ్ముడి మనవడి అన్నప్రాసనకి పాలకొల్లు వెళ్లినప్పుడు ఒక రోజు ఖాళీ దొరికింది. "అంతర్వేది వెళ్దామా? మనిద్దరమే" అన్నారు మావారు. నేను ఆయన మొహం వంక అనుమానంగా చూశాను. అటు చుట్టాలెవరూ మిగల్లేదని నాకూ తెలుసు. తమ్ముడు కారిస్తానన్నాడు. వద్దు, రేవు మీదుగానే వెళ్తామన్నాం.

పంటు మీద బైకులు ఎక్కువయ్యాయి, జనం సెల్‌ఫోన్లలో వీడియోలు తీసుకుంటున్నారు. ఆయనకి మోకాళ్ల నొప్పి, ఎక్కేటప్పుడు ఓ కాలేజీ కుర్రాడు చెయ్యందించాడు. తమ్ముడి భార్య ఇచ్చిన అరిసెల పొట్లం తీశాను. ఇద్దరికీ షుగరు కాబట్టి ఒక్కటే విరిచి చెరి సగం. గట్టు మీద కొబ్బరి తోటలు చూస్తూ, బావగారు మళ్లీ వేసిన తోట కాపుకొచ్చి ఎన్నేళ్లైందో లెక్క కట్టడం మొదలెట్టారు. ఆ కాపు మీదే రెండో అమ్మాయి పెళ్లి జరిగింది.

సఖినేటిపల్లి రేవులో దిగి అంతర్వేదికి ఆటో మాట్లాడాం. కుర్రాడు బండి స్టార్టు చేస్తూ, "ఎవరి తాలూకండీ మీరు?" అని అడిగాడు. అంతే. మావారు ఊరి పేరు చెప్పారు, ఇంటిపేరు చెప్పారు, మామయ్యగారి పేరు చెప్పారు. ఆటో కుర్రాడు బ్రేకు వేసి వెనక్కి తిరిగాడు. వాళ్ల తాతగారు మా మామయ్యగారి దగ్గర కౌలు చేసేవారట. వాళ్లమ్మకి మా అత్తయ్యగారే లేసు నేర్పారట. నేను ఆకాశం వంక చూశాను. గుడికి వెళ్లి, సముద్రం దాకా వెళ్లి వచ్చేసరికి ఆ అబ్బాయి ఫోన్ చేసేసి ఉన్నాడు. మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే. చింతకాయ పచ్చడి, ములక్కాడల పులుసు, మీగడ పెరుగు. తింటుండగా వాళ్లమ్మ వచ్చి నా పక్కన కూర్చుని, "రాత్రికి కూడా ఉండిపోండమ్మా, పంటు రేపూ ఉంటుంది" అంది. నేను కాదనేలోపే మావారు చెప్పులు అరుగు మీద నుంచి తీసి లోపల పెట్టేశారు.